కాండక్ట్ సర్టిఫికెట్

మా బావగారు జన్మలో బీడీ ముక్క కూడా ముట్టి ఎరగరు. తెనాలిలో ఇంటర్ చదివే రోజుల్లో స్నేహితులంతా సినిమాహాలు వెనక్కి వెళ్ళి సిగరెట్లు కాలుస్తుంటే, ఈయన వాళ్ళ పుస్తకాలు పట్టుకుని సందు మొదట్లో కాపలా ఉండేవారట. కాలేజీ వదిలేటప్పుడు ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్‌లో అందరికీ ‘శాటిస్‌ఫ్యాక్టరీ’ అని రాసి, ఈయనకి మాత్రం ‘ఎక్సలెంట్’ అని రాశారు. ఆ కాయితాన్ని వాళ్ళమ్మగారు పెళ్ళిచూపులకి కూడా పట్టుకొచ్చారు.

అలాంటి మనిషి అమెరికాలో గంజాయి కొట్లో లెక్కలు రాయడానికి చేరారంటే మా ఇంట్లో ముందు ఎవ్వరం నమ్మలేదు.

బీకాం చదివి, అమీర్‌పేటలో ఎస్సేపీ నేర్చుకుని, వైటూకే గాలిలో 1999లో విమానం ఎక్కినవారు ఆయన. నానా తిప్పలూ పడి గ్రీన్‌కార్డు తెచ్చుకున్నారు. డెన్వర్ పక్కన ఇల్లు కొనుక్కున్నారు. 2017లో కంపెనీ వాళ్ళు ఒక శుక్రవారం మధ్యాహ్నం పిలిచి, అట్టపెట్టె చేతికిచ్చి పంపించేశారు. యాభై దగ్గర పడ్డాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవడమంటే ఎక్కడైనా కష్టమే. ఆరునెలలు తిరిగి, చివరికి బుక్‌కీపర్ కావాలన్న ఒక ప్రకటన చూసి వెళ్ళారు. తీరా చూస్తే అది గంజాయి కొట్టు.

కొట్టంటే మనూళ్ళో చాటుమాటు వ్యవహారం కాదు. కొలరాడో జనం 2012లో ఓటు వేసి మరీ చట్టం చేసుకున్నారు. 2014 జనవరి 1 నుంచి అద్దాల తలుపులు, ఏసీ, కంప్యూటర్ బిల్లుతో అమ్మకాలు మొదలయ్యాయి. గుమ్మం దగ్గర వయసు చూసి లోపలికి పంపుతారు. ప్రతి మొక్కకీ ఒక చీటీ, ప్రతి చీటీకీ ఒక నంబరు. కుండీలో నాటిన దగ్గర్నుంచి పొట్లం కట్టేదాకా రాష్ట్ర ప్రభుత్వం కంప్యూటర్లో చూసుకుంటూనే ఉంటుంది.

అక్కడ పనిచేసేవాళ్ళకీ లైసెన్సు కావాలి. బావగారి వేలిముద్రలు తీసుకున్నారు. పాత కేసులేమైనా ఉన్నాయా అని ఆరా తీశారు. నడవడి సరిగా లేదని నేరచరిత్ర చెప్పే మనిషికి లైసెన్సు ఇవ్వకూడదని ఆ రాష్ట్రం చట్టంలోనే రాసుకుంది. ఈయన చరిత్రలో ట్రాఫిక్ చలానా కూడా లేదు. ఫొటో ఉన్న బ్యాడ్జి ఇచ్చి, పనిచేసినంతసేపూ కనిపించేలా తగిలించుకోమన్నారు. ఆ బ్యాడ్జి చూసుకుని ఆయన మురిసిపోయారు. కాలేజీ సర్టిఫికెట్ తరవాత తన మంచితనాన్ని అచ్చువేసి ఇచ్చిన ప్రభుత్వం ఇదే అన్నారు నాతో ఫోన్లో.

తెనాలిలో ఉన్న తల్లికి మాత్రం ‘మందుల కొట్లో లెక్కలు రాస్తున్నానమ్మా’ అని చెప్పుకున్నారు. ఆవిడ బీపీ మాత్రలు కాస్త చవగ్గా వస్తాయేమో కనుక్కోమంది.

పనిలో చేరాక తెలిసింది అసలు సంగతి. రాష్ట్రానికి ఈ కొట్టు సక్రమం, కేంద్రానికి అక్రమం. 1970లో అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టిన మత్తుమందుల చట్టంలో 5 షెడ్యూళ్ళున్నాయి. దురలవాటుకి తప్ప వైద్యానికి పనికిరావు అన్నవాటిని షెడ్యూల్ 1లో పెట్టారు. హెరాయిన్ అక్కడుంది. అధ్యయనం పూర్తయ్యేదాకా ఉండనివ్వండి అని గంజాయిని కూడా అందులోనే కూర్చోబెట్టారు. కొకైన్, ఫెంటానిల్, ఆక్సీకోడోన్‌లాంటివి మాత్రం ఒక మెట్టు తక్కువ ప్రమాదమని షెడ్యూల్ 2లో ఉన్నాయి. అధ్యయనం చేసిన షేఫర్ కమిషన్ 1972లో నివేదిక ఇచ్చింది. సొంతానికి కాస్త గంజాయి దగ్గర పెట్టుకున్నవాణ్ణి నేరస్థుడిగా చూడొద్దంది. నిక్సన్ ఆ నివేదికని పక్కన పడేశాడు. 1988లో మత్తుమందుల్ని అదుపుచేసే కేంద్ర సంస్థ డీఈఏ సొంత న్యాయాధికారి ఫ్రాన్సిస్ యంగ్ రెండేళ్ళు సాక్ష్యాలు విని, దీన్ని షెడ్యూల్ 2కి దించండి అని సిఫారసు చేశాడు. మరుసటి ఏడాది ఆ సంస్థ అధిపతే దాన్ని కొట్టేశాడు. సర్కారు వారి ‘తాత్కాలికం’ ఎంతకాలం నడుస్తుందో మనకి ఒకరు చెప్పాలా!

బావగారికి ఈ చరిత్ర అంతా కంఠతా వచ్చింది. ఎందుకంటే దాని బరువు ఆయన లెడ్జర్ మీదే పడింది.

పెద్ద బ్యాంకులేవీ ఖాతా ఇవ్వవు. రోజంతా వచ్చేది నోట్లే. ఆ నోట్లకి పట్టిన వాసన ఎంత గాలికి ఆరబెట్టినా వదిలేది కాదు. మూణ్ణెల్లకోసారి పన్ను కట్టడానికి ఆయన ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని, నోట్లకట్టలు సంచీలో వేసుకుని, పక్కన ఒక కాపలా మనిషితో ఇన్‌కంటాక్స్ ఆఫీసుకి వెళ్ళేవారు. సంచీలో నాలుగు కర్పూరం బిళ్ళలు వెయ్యమని ఉపాయం చెప్పింది మా అక్క. కౌంటర్లో ఉన్న అమ్మాయి మొదటిసారి సంచీ విప్పగానే ముక్కు చిట్లించి, ‘ఇదేం కొత్త రకం?’ అని అడిగిందట. మా దేవుడి సరుకు అని సర్దిచెప్పుకున్నారు బావగారు. నోట్లు లెక్కపెట్టి, రెండోసారి లెక్కపెట్టి, ముద్రవేసిన రసీదు ఇచ్చి, థాంక్యూ చెప్పి పంపేవాళ్ళు.

ఆ పన్ను కూడా మామూలు పన్ను కాదు. ‘వంద డాలర్ల అమ్మకం అనుకో’ అని నాకు విడమరిచి చెప్పారు ఒకసారి. ‘సరుకు ఖరీదు 50 పోయింది. అద్దె, జీతాలు, కరెంటు 40. మిగిలింది 10. వేరే ఏ కొట్టయినా ఆ 10 మీద 21 శాతం లెక్కన 2 డాలర్ల 10 సెంట్లు కడుతుంది. మా కొట్టుకి అద్దె, జీతాలు ఖర్చుల కింద చెల్లవు. 50 మీద 21 శాతం కట్టాలి. అంటే పదిన్నర. లాభం 10, పన్ను పదిన్నర!’

‘ఇదెక్కడి లెక్క బావగారూ?’ అన్నాను.

‘280ఇ అని ఒక సెక్షనుంది. 1970లలో మినియాపోలిస్‌లో ఒక ఘనుడు కొకైనూ గంజాయీ అమ్మి, పన్ను కాయితాల్లో తూకం మిషను ఖరీదు, ఫోను బిల్లు, కారు ఖర్చు చూపించాడు. 1981లో పన్నుల కోర్టు వాడి ఖర్చులు చాలావరకు ఒప్పుకుంది. కాంగ్రెస్‌కి ఒళ్ళు మండి 1982లో ఈ సెక్షన్ పెట్టింది. షెడ్యూల్ 1, షెడ్యూల్ 2 సరుకు అమ్మేవాళ్ళకి ఖర్చులు చెల్లవని. వాడెవడో ఖర్చు రాసుకున్న పాపానికి నలభై ఏళ్ళ తరవాత నేను కట్టిస్తున్నాను పన్ను!’

అందుకే 2022 అక్టోబర్‌లో బైడెన్ గంజాయి ఏ షెడ్యూల్లో ఉండాలో మళ్ళీ చూడమన్నప్పుడు ఈయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. 2023 ఆగస్టులో ఆరోగ్యశాఖ షెడ్యూల్ 3 చాలంది. 2024 మేలో న్యాయశాఖ ముసాయిదా నిబంధన అచ్చువేసింది. జనం నుంచి నలభై వేల పైచిలుకు అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. షెడ్యూల్ 3 అంటే కెటమిన్, కోడీన్ కలిపిన టైలెనాల్ ఉండే చోటు. అక్కడికి దిగితే 280ఇ పీడ విరగడవుతుంది.

ఇంకేముంది, గంజాయికి మంచిరోజులు వచ్చాయి, మనకీ వచ్చినట్టే అనుకున్నారు బావగారు. ఇండియా పాస్‌పోర్టు వదలడానికి మనసొప్పక అన్నాళ్ళూ వాయిదా వేసిన పౌరసత్వం దరఖాస్తు అప్పుడు బయటికి తీశారు. ‘లాయరుకి ఒకసారి చూపించండీ’ అంది మా అక్క. ‘ముప్ఫై ఏళ్ళుగా ఫారాలు నింపుతున్నాను. ఎన్-400 నింపడానికి లాయరెందుకే’ అన్నారాయన. గత ఐదేళ్ళ ఉద్యోగం గడిలో కొట్టు పేరు, చిరునామా, తన హోదా గుండ్రటి అక్షరాలతో రాశారు.

ఇంటర్వ్యూకి మా అక్క ఇస్త్రీ చేసిన చొక్కా ఇచ్చి, దేవుడి దగ్గర కుంకుమ పెట్టి, వెంటనే తుడిచేసి పంపింది. లోపల ఆఫీసరు నడివయసు మనిషి, మర్యాదస్థుడు. ముందు పౌరశాస్త్రం ప్రశ్నలు. దేశంలో అన్నిటికీ పైచట్టం ఏది? రాజ్యాంగం. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలకున్న అధికారాల్లో ఒకటి చెప్పండి. డ్రైవింగ్ లైసెన్సులు ఇవ్వడం. భేష్ అన్నాడాయన. ఆరింటికి ఆరు చెప్పేసరికి ఇంకా అడగక్కర్లేదని ఆపేశాడు.

తరవాత దరఖాస్తు ముందేసుకున్నాడు. ‘ఈ కొట్లో ఏం అమ్ముతారు?’

‘గంజాయండీ. రాష్ట్రం లైసెన్సుంది.’

ఆఫీసరు కలం ఆగింది. ‘మీరు అమ్ముతారా?’

‘లేదండీ, నాది లెక్కల పని. అమ్మకం డబ్బు లెక్కపెట్టడం, పన్ను కట్టడం.’

‘ఎప్పుడైనా తాగారా?’

‘బీడీ కూడా ఎరగను’ అన్నారు బావగారు. ఆ మాట రుజువు చేసుకోవడానికి సంచీలోంచి కాయితాలన్నీ తీశారు. ఎనిమిదేళ్ళ పన్ను రసీదులు, కేంద్ర ప్రభుత్వం ముద్రలతో సహా. మీదనుంచి ఫొటో ఉన్న ఆ బ్యాడ్జి. ‘వేలిముద్రలు తీసుకుని, అన్నీ విచారించి, మంచివాణ్ణని తేల్చాకే ఇది ఇచ్చారండీ’ అన్నారు.

‘దీని జిరాక్సు తీసుకోవచ్చా?’ అన్నాడు ఆఫీసరు.

‘రెండు తీసుకోండి’ అన్నారు బావగారు. మా అక్కకి ఫోన్ చేసి, పాయసం చెయ్యమని కూడా చెప్పారు.

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. చట్టం అడిగే సత్ప్రవర్తన మీలో ఉన్నట్టు మీరు రుజువు చేసుకోలేకపోయారు కాబట్టి దరఖాస్తు తిరస్కరించాం, 30 రోజుల్లో పునర్విచారణ కోరవచ్చు. ఆధారం ఏమిటంటే బ్యాడ్జి. ఆయనే జిరాక్సు తీసుకోమన్న బ్యాడ్జి.

అప్పుడు పరిగెత్తారు లాయరు దగ్గరికి. లాయరు మన విజయవాడ వైపు ఆవిడే, అమెరికాలోనే పుట్టి పెరిగింది. ‘అంకుల్, అప్లై చేసే ముందు ఒక్కసారి ఫోన్ చేసి ఉండాల్సింది’ అని తల పట్టుకుంది. గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేసినా సరే, రాష్ట్రం ఒప్పుకున్నా సరే, సత్ప్రవర్తన కిందికి రాదని 2019 ఏప్రిల్‌లోనే పౌరసత్వ శాఖ సర్క్యులర్ ఇచ్చిందట. డెన్వర్‌లో అలా దెబ్బతిన్నవాళ్ళ గురించి అప్పటి మేయర్ మైకేల్ హాన్‌కాక్ ఏకంగా అటార్నీ జనరల్‌కి ఉత్తరం రాశాడు. అయినా లాభం లేకపోయింది.

‘మరి నేను కట్టిన పన్ను తీసుకున్నారు కదమ్మా?’ అన్నారు బావగారు.

‘డబ్బుకి పౌరసత్వం అక్కర్లేదు కదా అంకుల్’ అంది. ‘ఇంకో మాట. మీరు ఆ ఆఫీసులో మీ నోటితో మీరే ఒప్పుకుని వచ్చారు. ఇప్పుడు దేశం దాటితే తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని లోపలికి రానివ్వకపోయే ప్రమాదం ఉంది. ఇండియా ప్రయాణం పెట్టుకోకండి.’

సరిగ్గా ఆ నవంబర్లో వాళ్ళ నాన్నగారి సంవత్సరీకం. పెద్దకొడుకు ఈయనే. తెనాలిలో తమ్ముడు పిండాలు పెడుతుంటే, ఈయన డెన్వర్‌లో అర్ధరాత్రి స్నానం చేసి, తడిబట్టలతో ఫోను ముందు కూర్చుని పురోహితుడు చెప్పిన మంత్రాలు తిరిగి చెప్పారు. ‘మందుల కొట్టువాళ్ళు నాలుగు రోజులు సెలవివ్వలేదురా?’ అని తల్లి ఏడ్చింది. ఈయన అవునన్నారు.

డిసెంబర్ వచ్చింది. 2025 డిసెంబర్ 18న ట్రంప్ ఓవల్ ఆఫీసులో ఉత్తర్వు మీద సంతకం చేశాడు, గంజాయిని షెడ్యూల్ 3కి మార్చే పని త్వరగా ముగించమని అటార్నీ జనరల్‌ని ఆదేశిస్తూ. కొట్లో పండగే పండగ. యజమాని షాంపేన్ సీసా బిరడా ఎగరగొట్టి, బావగారి భుజం మీద చెయ్యి వేసి, 280ఇ పోతే ఏడాదికి ఎంత మిగులుతుందో లెక్క తియ్యమన్నాడు. ఈయన అక్కడికక్కడే తీసి ఇచ్చారు. ఆ అంకె చూసి యజమాని ఈయన్ని కౌగిలించుకున్నాడు. యజమాని కొలరాడోలోనే పుట్టినవాడు. ఆయన నడవడి గురించి ఎవరూ ఎప్పుడూ సర్టిఫికెట్ అడగలేదు.

ఆ రాత్రే లాయరుకి ఫోన్ చేశారు. ‘అమ్మా, షెడ్యూల్ 3 అవుతోందట. ఇక మన కేసు మళ్ళీ వేద్దామా?’

‘అంకుల్, వలస చట్టం 1వ షెడ్యూల్ అనలేదు. 5 షెడ్యూళ్ళలో ఎందులో ఉన్నా ఒకటే అంది. 3 అయినా మత్తుమందే. పైగా షెడ్యూల్ 3 సరుకు అమ్మాలంటే డాక్టరు చీటీ కావాలి, ఎఫ్‌డీఏ ఆమోదం కావాలి, డీఈఏ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. మీ కొట్టుకి వీటిలో ఒక్కటైనా ఉందా? మీ యజమానికి పన్ను తగ్గుతుంది. మీకు ఏమీ తగ్గదు.’

‘మరి నన్నేం చెయ్యమంటావమ్మా?’

‘ఉద్యోగం మానేసి, కేంద్ర చట్టం ఒప్పుకునే ఉద్యోగం ఏదైనా చూసుకోండి. అందులో ఐదేళ్ళు మచ్చ లేకుండా పనిచేసి, అప్పుడు అప్లై చేద్దాం.’

బావగారు మర్నాడే బ్యాడ్జి తీసి యజమాని బల్ల మీద పెట్టేశారు. ఎనిమిదేళ్ళ అనుభవం ఉందని ఎక్కడా చెప్పుకోలేని పరిస్థితి. అయినా అదృష్టం కలిసొచ్చి, సంక్రాంతి వెళ్ళేలోగా పని దొరికింది. ఈసారి నిజంగానే మందుల కంపెనీ. ఆస్పత్రులకీ మెడికల్ షాపులకీ నొప్పి మాత్రలు టోకున పంపిణీ చేస్తుంది. అన్ని పెద్ద బ్యాంకుల్లోనూ ఖాతాలున్నాయి. కర్పూరం అవసరం లేదు. తెనాలికి ఫోన్ చేసి చెబితే, ‘అదేమిట్రా, మొదట్నుంచీ అక్కడేగా చేస్తున్నావు’ అంది వాళ్ళమ్మ.

మొన్న నేను ఫోన్ చేసి, కొత్త ఉద్యోగం ఎలా ఉంది బావగారూ అని అడిగాను.

‘బాగానే ఉందిరా. చెల్లింపుల సెక్షన్లో వేశారు. మొట్టమొదట నా చేత రాయించిన ఓచరు ఏమిటో తెలుసా? పరిహారం వాయిదా.’

‘దేనికి పరిహారం?’

‘ఆక్సీకోడోన్ మాత్రలు రా. షెడ్యూల్ 2. కావలసినదానికంటే ఎక్కువగా, ఊళ్ళకి ఊళ్ళు ముంచేసేంత సరఫరా చేశారని, జనం అలవాటుపడి చచ్చిపోయారని చాలా రాష్ట్రాలు ఇలాంటి కంపెనీల మీద కేసులు వేశాయి. పెద్ద పంపిణీదారులు ముగ్గురు 2022లో రాజీపడి, 2,100 కోట్ల డాలర్లదాకా 18 ఏళ్ళలో కట్టడానికి ఒప్పుకున్నారు. మా కంపెనీ చిన్నది కాబట్టి దీని వాటా చిన్నది. ఏడాదికొక వాయిదా. ఖర్చు పద్దులో రాసుకున్నాం.’

నాకు గుండె గుభేలుమంది. ‘బావగారూ, ఒకసారి తగిలిన దెబ్బ చాలదా! ఆ లాయరమ్మాయికి ఈ సంగతి చెప్పారా?’

‘చెప్పకుండా ఉంటానా? ఓచరు కాపీ కూడా చూపించి, ఇది మళ్ళీ నా నడవడికి అడ్డం రాదు కదమ్మా అని భయపడుతూనే అడిగాను.’

‘ఏమంది?’

‘నవ్వింది. “మంచి కంపెనీ అంకుల్. అక్కడే ఐదేళ్ళు కదలకుండా ఉండండి. మీ సత్ప్రవర్తనకి ఇంతకంటే గట్టి రుజువు నేను కూడా తేలేను” అంది.’